ఉంగరపు వేలు

మే 22

అత్తయ్య వచ్చి వెళ్ళింది. విడాకులై రెండేళ్ళయినా తను నాకు అత్తయ్యగానే ఉండాలని ఆవిడ నిర్ణయించేసుకుంది. నన్నడగలేదు. ఎప్పటిలాగే తీపి పక్కటెముకల కూర గిన్నె తెచ్చి బల్లమీద పెట్టి, మూతైనా తీయకుండా కొడుకుని తిట్టడం మొదలుపెట్టింది. వాడు ఆల్బం వేశాడట. దాని పేరు ‘తడి’. వాడి పేరు మాత్రం దానిమీద లేదట. ‘నాచు’ అని వేసుకున్నాడట.

ఫాంగ్ కువాన్ అని తండ్రి పెట్టిన శుభ్రమైన పేరుండగా, నలభై దగ్గరపడుతున్న మగవాడు తనకు తాను నాచు అని పేరు పెట్టుకున్నాడు. ఇంతకంటే రాయడానికేమీ లేదు.

ఉంది. అందులో పిపా, నేను వాయించే నాలుగు తీగల వాయిద్యం, వినపడుతోందట. “నువ్వు వాయించినట్టే ఉందే అమ్మాయ్,” అంది అత్తయ్య. “కాకపోతే నీకు జ్వరం వచ్చినప్పుడు వాయించినట్టుంది.”

మే 23

విన్నాను. వెతుక్కుంటూ వెళ్ళలేదు, అదే నా మీదికి వచ్చింది. మా ఆర్కెస్ట్రాలో పిపా వాయించేవాళ్ళలో అందరికంటే చిన్నది మియావ్, సాధన గదిలో ఫోనులో పెట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చుంది. “వినండక్కా, మనసు చల్లబడుతుంది,” అంది. అది నా మాజీ మొగుడి నిర్వాకమని పాపం ఆ పిల్లకి తెలియదు.

మొదట ఫ్రిజ్ మోత. నిజంగా ఫ్రిజ్. మా వంటింట్లో ఉండేది, తలుపు వేసినా మూలిగేది, అదే. తర్వాత చూరునుంచి నీళ్ళు. ఆ తర్వాత పిపా. రెండో తీగ కింది మెట్టు దగ్గర చిన్న బొంగురు ఉంటుంది నా వాయిద్యానికి. ఎక్కడ విన్నా గుర్తుపడతాను. నేను ఇంట్లో సాధన చేసుకుంటుంటే, ఆ దొంగ పక్కగదిలో మైకు పెట్టుకుని కూర్చున్నాడన్నమాట. ఒక్కో స్వరాన్నీ పట్టుకుని సాగదీశాడు. చారులో మరిచిపోయిన నూడిల్స్‌లా ఉబ్బిపోయి ఉంది నా సంగీతం.

దీన్ని ఆంబియెంట్ అంటారట. శ్రద్ధగా వినడానికి కాదట, గదిలో ఉండడానికట. మియావ్ ఎంతో ఓపిగ్గా వివరించింది.

“బీరువాలాగానా?” అన్నాను.

మే 24

మళ్ళీ విన్నాను. తప్పులు పట్టడానికి.

మే 27

ఫాంగ్ కువాన్ వచ్చాడు. ఆర్కెస్ట్రా భవనం వెనక కాలవ పక్కనున్న టీ దుకాణంలో కూర్చున్నాం. ఏమీ మారలేదు. అదే నార చొక్కా, అందులోనే పడుకుని లేచినట్టు. మాట్లాడే ముందు కప్పుని వేలితో తట్టి, ఆ చప్పుడు ఆగేదాకా తల పక్కకి వంచి వింటాడు. పెళ్ళయిన కొత్తలో ఇది నాకు ముద్దుగా అనిపించేదంటే, అప్పుడు నా బుద్ధి ఏమైందో.

నన్ను దొంగిలించావన్నాను. అవునన్నాడు. సిగ్గు లేదా అన్నాను. కొంచెం ఉందన్నాడు. అతన్ని తిట్టడంలో కష్టం ఇదే, అన్నీ ఒప్పుకుంటాడు. దూది పరుపుని గుద్దినట్టుంటుంది.

అసలు వచ్చిన పని తర్వాత చెప్పాడు. జూన్ ఆఖర్న పాత పట్టు మిల్లులో కచేరీ ఉందట. రికార్డింగులు కాకుండా నేనే వేదికమీద కూర్చుని వాయించాలట. చుట్టూ తను ఆ చప్పుళ్ళ పొగ అల్లుతాడట. “నీ పేరు పెద్దగా వేయిస్తాను,” అన్నాడు.

“ముందు నీ పేరు నువ్వు వేసుకో,” అని లేచి వచ్చేశాను.

మే 30

డైరెక్టర్ తావ్ అందరినీ కూర్చోబెట్టి కొత్త పద్ధతి ప్రకటించాడు. ఇక ప్రతి విభాగంలోనూ మిగతావాళ్ళని నడిపించే మొదటి కుర్చీ ఎవరిదో పరీక్ష పెట్టి తేలుస్తారట. పిపా వాళ్ళకి జూన్ ఇరవై ఒకటిన. మియావ్ బళ్ళో చదువుకునే రోజుల్నుంచీ ఆ కుర్చీలో నేనున్నాను. ఇప్పుడు పరీక్ష. తావ్‌కి ఒక వాయిద్యమూ సరిగ్గా రాదు కనక పరీక్షలంటే ఇష్టం.

సాయంత్రం చక్రం సాధన చేశాను. చూపుడు, నడిమి, ఉంగరం, చిటికెన, బొటన. అయిదు వేళ్ళూ ఒకదాని వెనక ఒకటి తీగమీంచి దొర్లిపోవాలి. వినేవాడికి అయిదు దెబ్బలు కాదు, తెగని ఒకే దారం వినపడాలి. చిన్నప్పుడు మా గురువుగారు రోజూ ఈ మాటే చెప్పేవారు. ఇవాళ నాకు నేను చెప్పుకున్నాను.

ఉంగరపు వేలు బద్ధకిస్తోంది. వేళ్ళకి పెట్టుడు గోళ్ళు అంటించే పట్టీ నాసిరకం. దుకాణం మార్చాలి.

జూన్ 2

ఫాంగ్ కువాన్‌కి సరేనని కబురు పెట్టాను.

మొదటి కారణం, ఆ నాచు ఆరాధకులందరి ముందూ అసలైన పిపా ఎలా ఉంటుందో ఒక్కసారి వినిపించి అతని పొగనంతా ఊదెయ్యాలి. రెండోది, అతని స్టూడియోలో తలుపులు మందం, లోపల ఏం జరిగినా బయటికి వినపడదు. మా ఇంట్లో సాధన కుదరడం లేదు, పై అంతస్తాయన గొడవ చేస్తున్నాడు. ఆర్కెస్ట్రా సాధన గదిలో ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు. మియావ్ అయితే నా చేతినే చూస్తూ కూర్చుంటుంది. నేర్చుకోవడానికట.

జూన్ 6

స్టూడియో అంటే కిటికీల్లేని ఒక కొట్టు. నేలంతా వైర్లు, కాళ్ళతో నొక్కే డబ్బాలు, ఏవో దీపాలు. గోడకి కోడిగుడ్ల అట్టలు. ప్రపంచ స్థాయి కళాకారుడి నివాసం.

నా పిపా తీశాను. యుద్ధపు రచన మొదలుపెట్టాను. గుర్రాలు, కత్తులు, ధూళి అన్నీ చేతిలో చూపించాల్సింది. కొంచెం దూరం పోయేసరికి ఆపమన్నాడు.

“ఒక్క స్వరం వాయించు,” అన్నాడు.

వాయించాను.

“ఇప్పుడు ఆగు.”

“ఎంతసేపు?”

“అది పోయేదాకా.”

ఆగాను. అది పోలేదు. అతని డబ్బాల్లోకి దూరి, మరో వైపునుంచి వచ్చి, గోడలు చుట్టి, లావై, పల్చనై, ఎక్కడో పైన వేలాడింది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని బస్సుకోసం ఎదురుచూసే మనిషిలా కూర్చున్నాను. చిన్నప్పుడు శీతాకాలంలో వేళ్ళు పగిలి రక్తం వస్తుంటే సాధన చేసింది ఇందుకా?

“ఇది సంగీతమా, పైపు రిపేరా?” అని అడిగాను.

“రెండూ,” అన్నాడు సంతోషంగా.

జూన్ 9

కొత్త పట్టీ. అదే కథ. గోళ్ళు మార్చాను. పాతవే నయం.

జూన్ 13

రేగు వానలు మొదలయ్యాయి, ఇక నెల్లాళ్ళు ముసురే. గోడలు చెమరుస్తున్నాయి. చెక్క ఉబ్బింది, తీగలు నిలవడం లేదు. ఈ కాలంలో మా వూషీ ఊళ్ళో ఎవరి చేయీ సరిగ్గా ఆడదు.

అత్తయ్య యాంగ్‌మెయ్ పళ్ళు తెచ్చింది, ఎర్రగా నల్లగా, ఉప్పునీళ్ళలో నానబెట్టి. తను తింటూ, గింజలు నా పళ్ళెంలో ఉమ్ముతూ కూర్చుంది. నేను వాళ్ళబ్బాయి స్టూడియోకి వెళ్తున్నానని తెలిసిపోయింది. మళ్ళీ కలుస్తున్నారా అని నేరుగా అడిగింది. పని మీద వెళ్తున్నానన్నాను. ఇంట్లో వాయించుకోవచ్చు కదా అంది. పై అంతస్తాయన సంగతి చెప్పాను.

“ఆయన మే పండక్కి కూతురింటికి పోయాడు కదే,” అంది. “ఇంకా రాలేదు. పెట్టెలో కాగితాలు నిండిపోయి ఉన్నాయి.”

నేను ఒక పండు నోట్లో వేసుకున్నాను. తను రెట్టించలేదు. ఇంకో గింజ ఉమ్మింది.

భోజనం చేసేటప్పుడు కావాలని చూశాను. చాప్‌స్టిక్స్‌తో వేరుశెనగ గింజలు ఒక్కొక్కటీ పట్టుకున్నాను, ఒక్కటీ జారలేదు. చొక్కా గుండీలు పెట్టుకున్నాను. సూదిలో దారం ఎక్కించాను. చేతికేమీ కాలేదు. కాబట్టి పట్టీలదే తప్పు, లేదా వానలది.

జూన్ 15

పిపా ఒళ్ళో పెట్టుకుంటే మాత్రమే. మిగతా రోజంతా బంగారంలాంటి చేయి.

జూన్ 17

జరిగింది జరిగినట్టు రాస్తాను.

స్టూడియోకి వెళ్ళేసరికి ఫాంగ్ కువాన్ ఆల్బంలోని ముక్కని విడదీసి పెట్టుకున్నాడు, కచేరీకోసం. ఫ్రిజ్, వాన తీసేసి ఒక్క పిపానే వినిపిస్తున్నాడు. అంత సాగదీశాక చక్రం దారంలా ఉండదు, అయిదు వేళ్ళూ విడివిడిగా నడిచి వస్తాయి, మెట్లు దిగే మనుషుల్లా. చూపుడు వచ్చింది. నడిమి వచ్చింది. ఖాళీ. ఆ ఖాళీలో చాలాసేపటికి, కాలీడ్చుకుంటూ ఉంగరం వచ్చింది. వెంటనే దాన్ని తోసుకుంటూ చిటికెన, బొటన.

మళ్ళీ చక్రం. మళ్ళీ అదే ఖాళీ. ప్రతిసారీ.

“ఇది ఎప్పటిది?” అన్నాను.

అతను తెర వైపే చూస్తున్నాడు. “మనం విడిపోవడానికి ముందు ఏడాది, ఆకులు రాలేటప్పుడు.”

అప్పటికి నా చేతిని గురించి నాకే తెలియదు. సభల్లో పూలు ఇస్తున్నారు. ఇతను మాత్రం గోడవతల కూర్చుని, నా వేలు కుంటడం పట్టుకుని, దాన్ని సాగదీసి, పేరు పెట్టి, పిల్లలకి వినిపించి, చప్పట్లు కొట్టించుకున్నాడు.

“తెలిసి చెప్పలేదా?”

“చెప్పాను పెయ్‌లాన్.”

“ఎప్పుడు?”

“వంటింట్లో. నీ ఉంగరపు వేలు ఆలస్యంగా వస్తోంది, ఒకసారి చూపించుకో అన్నాను. నువ్వు నా బూట్లు తీసుకెళ్ళి తలుపు బయట పెట్టావు.”

గొంతు పెంచలేదు. అతని గొంతు ఎప్పుడూ పెరగదు. అదే నాకు అసహ్యం.

ఆ రోజు తీగలు పాతవని చెప్పాను. నిజంగానే పాతవి. బూట్లు వేరే కారణానికి బయట పెట్టానని కూడా చెప్పాను. సరేనన్నాడు. మరి అదే ముక్క ఎందుకు ఎంచుకున్నావు, నా దగ్గర బాగున్నవి వంద ఉంటాయి కదా అన్నాను.

“ఆ ఖాళీ నాకు నచ్చింది,” అన్నాడు. “మిగతావి వింటే నువ్వు కనపడవు. వాయిద్యమే కనపడుతుంది.”

పిపాని సంచిలో పెట్టుకుని వచ్చేశాను. గొడుగు అక్కడే మరిచిపోయాను. తిరిగి వెళ్ళలేదు.

జూన్ 18

వేరే కారణానికే.

జూన్ 19

ఏ కారణమో గుర్తు రావడం లేదు. చాలా ఉండేవి.

జూన్ 21

పరీక్ష అయింది.

బల్ల వెనక నలుగురు, మధ్యలో తావ్. పక్కన ఫ్యాను, దాని గాలికి కాగితాలు ఎగరకుండా టీ కప్పులు పెట్టుకున్నారు. మియావ్ నాకంటే ముందు వాయించింది. శుభ్రంగా, తొందరగా, తలకాయలో ఒక్క ఆలోచన లేకుండా వాయించింది. చక్రం మాత్రం గుండ్రంగా తిరిగింది. అది ఒప్పుకోవాలి.

నేను యుద్ధపు రచనే ఎంచుకున్నాను. సులువుది ఎంచుకోవచ్చు. ఎంచుకుంటే ఎందుకు ఎంచుకున్నానో ఆ నలుగురికీ తెలిసిపోతుంది. మొదటి భాగం బాగా వెళ్ళింది. గుర్రాలు వచ్చే చోట ఉంగరపు వేలు లోపలికి ముడుచుకుపోయింది. నొప్పి లేదు. ఎవరో లోపల్నుంచి దారం పట్టి లాగినట్టు, అరచేతిలోకి పోయి కూర్చుంది. గోరు చెక్కమీద టక్కుమని తగిలింది. ఆ చప్పుడు గదంతా వినపడింది. ఆపకుండా వాయించాను. మళ్ళీ టక్కుమంది. మూడోసారికి ఆపేశాను.

ఫ్యాను తిరుగుతోంది.

తావ్ నన్ను దెప్పుతాడనుకున్నాను. దెప్పితే బాగుండేది. దానికి జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. “ఈ వానలకి ఎవరికైనా ఇంతే పెయ్‌లాన్ గారూ,” అన్నాడు మెత్తగా. “ఇంకో రోజు పెట్టుకుందాం.” బల్ల వెనక మిగిలిన ముగ్గురూ అవునవునన్నారు. ఇన్నాళ్ళూ నేను అందరికీ చెప్పుకున్న సాకునే తీసి నా చేతిలో పెట్టాడు. ఆయన నోట వింటే అది ఎంత చవగ్గా ఉందో.

“వానలకి కాదు,” అన్నాను. “నా చేయి పాడైంది. కుర్చీ ఆ అమ్మాయికి ఇవ్వండి.”

వరండాలో మియావ్ నిలబడి ఉంది. ఏడుస్తోంది, ఈ పిల్లెందుకో. నాకు ముందే తెలుసక్కా, చెప్పడానికి ధైర్యం చాల్లేదు అంది. అందరికీ తెలుసు. ఊరందరికీ తెలిసిన నా చేతి సంగతి నాకొక్కదానికే తెలియలేదు.

జూన్ 23

ఆసుపత్రి. అత్తయ్య తోడు వచ్చింది. నేను పిలవలేదు, తావ్ భార్యతో పేకాట ఆడుతుందట, అక్కడ విషయం తెలిసింది.

డాక్టరు కుర్రాడు. పిపా తెచ్చుకోమన్నాడు, అతని ముందు వాయించమన్నాడు. వేలు ముడుచుకుంది. చాప్‌స్టిక్స్ ఇచ్చాడు, ముడుచుకోలేదు. తల ఊపాడు. వేలికీ, నరానికీ ఏమీ కాలేదట. ఒకే పనిని ఏళ్ళ తరబడి లక్షల సార్లు చేయించడంవల్ల, మెదడులో ఆ వేళ్ళ మధ్య గీతలు చెరిగిపోయాయట. వాయించేవాళ్ళకి, రాసేవాళ్ళకి వస్తుందట. సాధన చేస్తే తగ్గేది కాదట, సాధన చేసినందుకే వచ్చిందట. మొదట్నుంచీ నెమ్మదిగా మళ్ళీ నేర్పుకుంటే కొంత తిరిగి రావచ్చు, పూర్తిగా వస్తుందని మాట ఇవ్వలేనన్నాడు.

“నెమ్మదిగా అంటే ఎంత నెమ్మదిగా?” అని అడిగాను.

“ఒక్కో వేలు. ఒక దెబ్బ, తర్వాత ఆగాలి. అది పూర్తిగా వదులయ్యాక ఇంకోటి.”

అత్తయ్య నా వైపు చూసింది. నేను గోడమీద వెన్నెముక బొమ్మ చూశాను. ఆ నాచుగాడు నాతో మొదటి రోజే చేయించిన పని డాక్టరు ఇప్పుడు చీటీమీద రాసి ఇస్తున్నాడు. ఇది ఆ మనిషికి ఎప్పటికీ తెలియకూడదు.

బయటికొచ్చాక అత్తయ్య నూడిల్స్ కొనిపెట్టింది. తన గిన్నెలోవి సగం నా గిన్నెలోకి తోసింది. చివరికి, తను ఒకప్పుడు పనిచేసిన ఫ్యాక్టరీలో ఒకామెకి వేలు పోతే గేటు దగ్గర కూర్చోబెట్టారనీ, ఆమె అక్కడ అందరిమీదా పెత్తనం చేసి సుఖంగా బతికిందనీ చెప్పింది. ఓదార్పు అనుకుంటాను.

జూన్ 24

రాయడానికేమీ లేదు.

జూన్ 25

లేదు.

జూన్ 26

ఫాంగ్ కువాన్ గొడుగు తెచ్చాడు. లోపలికి రమ్మనలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు. వాళ్ళమ్మ చెప్పేసిందని మొహం చూస్తేనే తెలిసింది. కచేరీ మానేద్దామన్నాడు. అవసరం లేదన్నాను.

అప్పుడు అతను నేననుకోని మాట అన్నాడు. తన దగ్గర నా పాత రికార్డింగులు గంటలకొద్దీ ఉన్నాయట, వేలు బాగున్న రోజులవి. కచేరీలో వాటిని కింద పరిచి, పైన నేను చేయి ఆడిస్తే చాలట. ఆ పొగలో ఏది ఇప్పటిదో, ఏది అప్పటిదో ఎవరికీ తెలియదట. “నీ చేతినే నీకు తోడు పెడతాను,” అన్నాడు.

ఇంత నీచమైన దయ నేనెక్కడా చూడలేదు.

తలుపు వేసేశాను. తర్వాత ఆ తలుపు దగ్గరే చాలాసేపు నిలబడ్డాను. ఎందుకంటే ఒక్క క్షణం, సరే అనబోయాను.

జూన్ 28

కచేరీ.

పాత పట్టు మిల్లు. మరగ్గాచిన పట్టుకాయల కంపు ఇంకా గోడల్లో ఉంది. దాన్నీ కళ కింద లెక్కేసి టికెట్టు అమ్మినట్టున్నారు. జనం కుర్చీల్లో కాదు, చాపలమీద పడుకుని ఉన్నారు. దిళ్ళు తెచ్చుకున్నవాళ్ళున్నారు. నా జీవితంలో ఇంతమంది అరికాళ్ళకి ఎదురుగా కూర్చుని వాయించలేదు. మధ్యలో అత్తయ్య ఒక్కతే ఎక్కడినుంచో బల్ల సంపాదించి, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుంది.

పాత రికార్డింగులు పెడితే లేచి వెళ్ళిపోతానని ముందే చెప్పాను. పెట్టలేదు. ఫ్రిజ్ మోతతో మొదలెట్టాడు. చినుకులు. ఏదో గాలి. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇంకా కూర్చున్నాను. జనానికి అది కూడా కళే అనుకుంటాను, ఎవరూ కదల్లేదు.

అప్పుడు చక్రం మొదలుపెట్టాను. తొందరగా కాదు. కుంటుతోంది కదా, కుంటనీ అనుకున్నాను. చూపుడు, నడిమి, ఖాళీ, చిటికెన, బొటన. ఉంగరపు వేలిని బలవంతం చేయలేదు. ముడుచుకుంటే ముడుచుకోనిచ్చాను. గోరు చెక్కకి తగిలితే తగలనిచ్చాను. ఆ టక్కుమనే చప్పుడుని అతని డబ్బాలు పట్టుకుని, మిల్లు ఆ చివరిదాకా తీసుకెళ్ళి తిరిగి తెచ్చాయి. ఎవరో పెద్ద తలుపు తడుతున్నట్టుంది. పరీక్ష గదిలో నన్ను చంపిన చప్పుడు.

కొంతసేపయ్యాక అతని పొగ నాకు అడ్డం వచ్చింది. తల తిప్పి చూసి, తగ్గించమని కళ్ళతో చెప్పాను. తగ్గించాడు. ఇంకా అన్నాను. పూర్తిగా తీసేశాడు. కాపురం చేసినన్నాళ్ళూ జరగలేదు, నా మాట విని ఒక చప్పుడు ఆపడం ఇదే మొదటిసారి. రేకుల కప్పుమీద వాన, నేను. ఖాళీ వచ్చినప్పుడల్లా ఆ ఖాళీలో వాన వినపడింది. తర్వాత మళ్ళీ వేళ్ళు.

ఒకడు గురక పెట్టాడు. నిజం రాయాలి కదా.

ఎప్పుడు ఆపానో సరిగ్గా తెలియదు. చప్పట్లు ఆలస్యంగా మొదలయ్యాయి. కొందరు కళ్ళు తుడుచుకుంటున్నారు, ఈ రోజుల్లో జనం దేనికైనా ఏడుస్తారు. ఫాంగ్ కువాన్ కూడా. అతను వైర్లు చుట్టుకుంటూ, మొహం అటు తిప్పుకుని, ముక్కు చీదుకున్నాడు. అది కూడా రికార్డయి ఉంటుంది.

అత్తయ్య దగ్గరికొచ్చి నా కుడిచేయి పట్టుకుంది. చుట్టూ ఉన్న పిల్లలు ఆవిడ ఏమంటుందోనని చూస్తున్నారు.

“నాకు ముక్క అర్థం కాలేదు,” అంది. “నువ్వు వాయిస్తుంటే వాడు నోరు మూసుకున్నాడు చూడు, అది మాత్రం బాగుంది.”

జూలై 1

తావ్ పిలిపించాడు. ఆర్కెస్ట్రాలో పిల్లలకి నేర్పే పని ఇస్తానన్నాడు, గౌరవంగా, మెత్తగా. ఆ మెత్తదనం ఆయనకి కొత్త అలవాటు, సరిగ్గా నప్పడం లేదు. ఆలోచిస్తానన్నాను. ముందు నాకు నేను నేర్పుకోవాలి, సెలవు కావాలన్నాను. ఇచ్చాడు.

వెళ్ళేటప్పుడు మియావ్ మొదటి కుర్చీలో కూర్చుని ఉంది, అంచుమీద, ఎవరైనా వచ్చి లేపుతారేమో అన్నట్టు. వెనక్కి జరిగి సరిగ్గా కూర్చోమన్నాను. నడుము పోతుంది.

జూలై 4

స్టూడియోకి వెళ్ళాను. డాక్టరు చెప్పిన సాధనకి తలుపులు మందంగా ఉండడం మంచిది. ఒక దెబ్బ, ఆగడం. ఒక దెబ్బ, ఆగడం. ఫాంగ్ కువాన్ తన పని తను చేసుకున్నాడు. మళ్ళీ కలిసి ఉందామా అని అడగబోయాడు, నోరు తెరవడం చూసి నేనే వద్దన్నాను. సరేనన్నాడు. టీ పెట్టాడు. అతని టీ ఎప్పటిలాగే గిన్నె కడిగిన నీళ్ళు.

ఆ పాత రికార్డింగులు వినిపించమని అడిగాను. ఒకటి చాలన్నాను, అన్నిటికంటే బాగున్నది.

వెతకలేదు. ఎక్కడుందో అతనికి తెలుసు. మాకు పెళ్ళయిన మొదటి ఎండాకాలం, యుద్ధపు రచన, పూర్తిగా. మొగుడు పక్కగదిలో వింటున్నాడని తెలియని ఒకమ్మాయి వాయిస్తోంది.

ఏడుస్తాననుకున్నాను. ఏడవలేదు. ఎంత తొందర ఆ అమ్మాయికి. ఎవరు తరుముతున్నారు? ఒక స్వరం పూర్తిగా మోగకముందే ఇంకోటి దానిమీద ఎక్కించేస్తోంది. ఎంత బాగా చేస్తున్నానో చూశారా అన్నట్టు ప్రతి చక్రం చివరా చిన్న విరుపు. లోపల గుర్రాలు లేవు, యుద్ధం లేదు, ఒట్టి గోళ్ళు. దీనికా అన్ని పూలు ఇచ్చారు? దీన్నా నేను పోగొట్టుకున్నాననుకుని మంచం పట్టింది?

ఆపమన్నాను. ఆపాడు.

అతను తెర వైపు చూస్తున్నాడు. నేను నా ఉంగరపు వేలిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చున్నాను.

అయినా ఆ చక్రం. అంత గుండ్రంగా, ఎక్కడా అతుకు కనపడకుండా. అలా ఎవరూ తిప్పలేరు. మియావ్ తిప్పలేదు. నేనింక తిప్పలేను.

ఇంకోసారి పెట్టమన్నాను.